312వ గదికి వీసా

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే రోడ్డు మీద ఒక విశ్వవిద్యాలయం ఉంది. అందులో వాణిజ్య విభాగం మూడో అంతస్తులోని 312వ గది మూడేళ్ళ కిందటి జూన్ పదహారో తేదీ నుంచి స్పెయిన్ దేశంలో ఉంటోంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అంతర్జాతీయ వ్యాపారం, స్పానిష్ భాష కలిపి చదివే మూడేళ్ళ డిగ్రీ కోర్సు పెట్టినప్పుడు, ఒక సెమిస్టరు స్పెయిన్‌లోనే ఉంటుందని ప్రవేశాల పుస్తకం నాలుగో పేజీలో రంగుల్లో అచ్చువేశారు. నలభై నాలుగు మందిని అంత దూరం పంపడం అయ్యే పని కాదని రెండో ఏడు మొదలయ్యాక తెలిసింది. పాలకమండలి సమావేశమై, టీ తాగి, పదిహేడో తీర్మానం చేసింది: విద్యార్థులను స్పెయిన్‌కు పంపడం సాధ్యం కానందున స్పెయిన్‌ను విద్యార్థుల వద్దకు తెప్పించడమైనది. అందరి సంతకాలూ పూర్తయ్యేసరికి పని కూడా పూర్తయింది. ఆ గదిలో ఎప్పటి నుంచో వెలగని ట్యూబులైటు మాత్రం అలాగే ఉండిపోయింది, దానికి వేరే తీర్మానం కావాలట.

సరిహద్దు ఎక్కడో తెలియాలి గనక వడ్రంగిని పిలిచి ఆ గదికి గడప పెట్టించారు. అతను అలవాటు కొద్దీ పసుపు రాసి బొట్లు పెట్టి వెళ్ళాడు. స్పెయిన్ వైపు నుంచి అభ్యంతరం రాలేదు. గడపకి అవతల టైము మూడున్నర గంటలు వెనక నడుస్తుంది, చలికాలంలో నాలుగున్నర గంటలు. పదకొండింటికి లోపలికి వెళ్ళినవాళ్ళకి అక్కడ ఇంకా పొద్దు పొడిచి ఎంతోసేపు కాదు కాబట్టి, ఇక్కడ తిన్న ఇడ్లీలు తిననట్టే లెక్క, మళ్ళీ ఆకలేస్తుంది. బయట నిలబడి చూస్తే ఆ గది కిటికీ కింద సైకిల్ స్టాండు కనపడుతుంది. లోపల నిలబడి చూస్తే కిటికీ మోకాలెత్తునే ఉంటుంది, దాని అవతల ఎర్రమట్టి నేల, వరసగా ఆలివ్ చెట్లు, దూరంగా తెల్లటి ఊరు. స్పానిష్ చెప్పే హైమవతి మేడం రోజూ అందులోనే ఉండటంతో ఆ దేశపు జనాభా పనివేళల్లో ఒకరు, సాయంత్రం ఐదు తర్వాత ఎవరూ లేరు.

ఎదురుగా ఉన్న 311వ గది ఇండియాలోనే ఉంది. ఎగుమతులు, దిగుమతులు, సుంకాలు, ఓడ పత్రాలు వగైరా అందులో చెబుతారు. గంట కొట్టగానే పిల్లలు ఇండియాలోంచి లేచి, వరండా దాటి, స్పెయిన్‌లో కూర్చునేవారు. మొదటి రెండు నెలలూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆగస్టులో ముగ్గురు విద్యార్థులు స్పానిష్ క్లాసు అయ్యాక గుమ్మంలోంచి కాకుండా కిటికీలోంచి వెళ్ళారు, ఇక రాలేదు. ఇళ్ళకి ఫోన్లు చేస్తున్నారు, బాగానే తింటున్నారు. కానీ 311వ గదిలో హాజరు తగ్గింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వాణిజ్య విభాగాధిపతి ప్రొఫెసర్ దండమూడి సోమశేఖరం గారు లబలబలాడి, సెప్టెంబరు ఒకటి నుంచి 312వ గదికి వీసా పెట్టించారు.

సోమశేఖరం గారు పొద్దున తొమ్మిది నుంచి పది వరకు, దేశాల మధ్య గోడలు ఉండటం వ్యాపారానికి ఎంత చేటో పాఠం చెబుతారు. పదింబావుకి ఆ గది గుమ్మం పక్కనే బల్ల వేసుకుని వీసా ఇంటర్వ్యూలు చేస్తారు. రెండింట్లోనూ ఆయనకి మంచి పట్టుంది. గడప దగ్గర తనిఖీ అధికారిగా యల్లమందని వేశారు. యల్లమంద ముప్పయ్యేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరై, ఇక్కడ సెక్యూరిటీలో చేరినవాడు. ముద్ర కొట్టే యంత్రం ఇంకా రానందున ఇంట్లో ఉన్న తన పాత టికెట్ పంచింగు మిషను తెచ్చుకున్నాడు. వీసా వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డుకి దానితోనే చిల్లు పెట్టి, "ముందుకు జరగండి, ముందుకు, లోపల ఖాళీగానే ఉంది," అనేవాడు.

వీసాకి కావలసింది ఒక్కటే. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారని రుజువు చూపాలి. ఇల్లుంటే ఇంటి కాగితం, పొలముంటే పాసు పుస్తకం, రైసు మిల్లుంటే మిల్లు ముందు కుటుంబమంతా నిలబడిన ఫొటో. ఇవన్నీ ఉన్నవాళ్ళకి రెండు నిమిషాల్లో వీసా వచ్చింది, అదీ కోర్సు అయ్యేదాకా ఎన్నిసార్లైనా వెళ్ళిరాగలిగేది. ఇక్కడ ఎంత ఎక్కువ ఉంటే అక్కడికి అంత తేలిగ్గా వెళ్ళొచ్చన్నమాట. ఈ పద్ధతి ప్రపంచమంతటా ఉన్నదేనని సోమశేఖరం గారు పాఠంలో కూడా చెప్పారు.

ఆ క్లాసులోనే ఉన్న పచ్చల దీవెన అనే అమ్మాయికి చూపించడానికి ఏమీ లేదు. ఆమె తల్లి సలోమి మిర్చియార్డు దగ్గర ఒక ఎగుమతి కంపెనీ షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది. పొద్దున ఆరింటికి పనెక్కి మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతుంది. ఆ ఘాటులో ఏడు గంటలు కూర్చోవాలంటే ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకోవాలి. సలోమి తన తల్లి చీర కొంగు చింపి, నాలుగు మడతలు వేసి, అంచులు కుట్టుకున్న గుడ్డ ఒకటుంది. ఇంకే గుడ్డా ఘాటుని అంత బాగా ఆపదని ఆమె నమ్మకం. పని దిగి, కాలేజీకి తిరిగి పోతున్న కూతురికి షెడ్డు గేటు దగ్గర ఆ గుడ్డ ఇస్తుంది. దీవెన సాయంత్రం దాన్ని ఉతికి ఆరేస్తే పొద్దున ఆరింటికి మళ్ళీ తయారుగా ఉంటుంది.

చిన్నప్పుడు తల్లితో షెడ్డుకి వెళ్ళి, బస్తాల మీద అచ్చేసిన ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదివేది దీవెన. అర్థంకాని ఆ అక్షరాల వెనక ఎవరో కూర్చుని అన్నంలో ఈ కారం కలుపుకుంటున్నారని ఊహించుకునేది. వాళ్ళతో మాట్లాడాలని అప్పుడే అనుకుంది. అందుకే ఈ కోర్సులో చేరింది. మొదటి ఏడు 312వ గది ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది కాబట్టి అందరితో పాటే వెళ్ళి కూర్చుంది, స్పానిష్‌లో క్లాసు మొత్తానికీ మొదటి మార్కులు తెచ్చుకుంది. ఆ గది దేశం మారాక వచ్చింది చిక్కంతా.

సెప్టెంబరు ఇంటర్వ్యూలో సోమశేఖరం గారు ఫారం తిరగేసి చూశారు.

"సొంత ఇల్లు?"

"లేదు సర్. అద్దె."

"పొలం?"

"లేదు సర్. మా అమ్మ ఉంది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నియమావళి వెతికారు. తల్లి స్థిరాస్తి కిందికి రాదు, చరాస్తి కిందికీ రాదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా," అని దయగానే చెప్పి, తిరిగి వచ్చే ఉద్దేశం రుజువు కాలేదని రాసి సంతకం పెట్టారు.

ఆ రోజు నుంచి దీవెన స్పానిష్‌ని వరండాలో నేర్చుకుంది. మనుషులకి వీసా పెట్టారు గాని మాటలకి పెట్టడం పాలకమండలికి తోచలేదు. ఆమె గడపకి జానెడు ఇవతల స్టూలు వేసుకుని కూర్చునేది. హైమవతి మేడం పాఠం చెబుతూ చెబుతూ గుమ్మం దాకా వచ్చి, స్పెయిన్‌లోనే నిలబడి, గొంతు పెంచి మళ్ళీ చెప్పేది. దీవెన ఇండియా నుంచి గట్టిగా జవాబిచ్చేది. మధ్యలో కూర్చున్న యల్లమందకి కూడా అంకెలు వందదాకా వచ్చేశాయి. చిల్లర లెక్కపెట్టే అలవాటున్నవాడికి ఏ భాషలో అంకెలైనా ఎంతసేపు.

"అందరూ సీట్లో కూర్చుని నేర్చుకుంటారమ్మాయ్, నువ్వు ఫుట్‌బోర్డు మీద నేర్చుకుంటున్నావు," అనేవాడు. క్లాసు లేని గంటల్లో బస్సుల కబుర్లు చెప్పేవాడు. "ముప్పయ్యేళ్ళలో నేను చూడని తగాదా లేదు. చిల్లర కోసం కొట్టుకున్నోళ్ళని చూశా, టికెట్టు కోసం కొట్టుకున్నోళ్ళని చూశా. కానీ సీట్లో కర్చీఫు ఏసుంటే మాత్రం, ఎంత మొనగాడైనా పక్కన నిలబడతాడే గాని తీసేసి కూర్చోడు. కిటికీలోంచి ఏసి, అటు తిరిగి టీ తాగను పోయిన మనిషి, బస్సు కదిలేలోగా ఒచ్చి తీరతాడు. దానికి చట్టం లేదు, పోలీసూ లేడు. అయినా జరుగుద్ది."

డిసెంబరులో రెండోసారి ఇంటర్వ్యూకి దీవెన బాగా చదువుకుని వెళ్ళింది. మిరపకాయ మన దేశపుది కాదని, ఇప్పుడు స్పానిష్ మాట్లాడే దేశాల వైపు నుంచి సముద్రం దాటి వీసా లేకుండానే వచ్చిందని, అది రాకపోతే ఈ రోజు గుంటూరు లేదని వాదించింది. సోమశేఖరం గారు శ్రద్ధగా విన్నారు.

"బాగా చెప్పావు. మరి ఆ మిరపకాయ తిరిగి వెళ్ళిందా?"

"లేదు సర్."

"అదీ సంగతి," అని ఆయన రెండో తిరస్కారం మీద సంతకం పెట్టారు.

నోట్లోంచి వచ్చాక మాట వెనక్కి రాదు. దీవెనకి తన మీద తనకే కోపం వచ్చింది, ఆ సాయంత్రం గుడ్డ ఉతుకుతూ ఏడ్చింది. మూడోసారి కూడా వీసా రాకపోతే స్పానిష్ ఆమె కోర్సు నుంచి తీసేసి, ఉత్త వ్యాపారం డిగ్రీ ఇస్తారు. మౌఖిక పరీక్ష మార్చి పద్నాలుగున, మధ్యాహ్నం రెండింటికి, 312వ గదిలోనే. నోటితో చెప్పే పరీక్షకి మనిషి ఆ దేశంలో ఉండి తీరాలని నిబంధన. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని హైమవతి మేడం గడప అవతల నుంచి విసుక్కుంది గాని, ఆవిడ ఆ దేశపు జనాభా మాత్రమే, ప్రభుత్వం కాదు. "నీకొచ్చినంత స్పానిష్ లోపల కూర్చున్న ఒక్కడికీ రాలేదు," అని మాత్రం అంది. అది విన్నాక దీవెనకి వదులుకోబుద్ధి కాలేదు.

మూడో ఇంటర్వ్యూ పరీక్ష రోజునే పడింది, ఒంటిగంటన్నరకి. ఆ రోజు సోమశేఖరం గారి మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పొద్దున నరసరావుపేట నుంచి బస్సులో నిలబడి వచ్చారు. ఎదురుగా సీటు ఖాళీగానే ఉంది, దాని మీద ఎవరిదో నీలం కర్చీఫు ఉంది. కర్చీఫు తాలూకు మనిషి సగం దారిలో, డ్రైవరు పక్కన కబుర్లు ముగించుకుని వచ్చి కూర్చున్నాడు. ఈ ముచ్చట ఆయన రాగానే యల్లమందకి చెప్పుకున్నారు, యల్లమంద దీవెనకి చెప్పాడు.

"ఆధారాలు ఏవైనా తెచ్చావా?" అని ప్రొఫెసరు గారు అడిగారు.

దీవెన జవాబు చెప్పకుండా 311వ గదిలోకి వెళ్ళింది. మూడో బెంచీలో కిటికీ పక్కన తను కూర్చునే చోటు ఉంది. సంచిలోంచి తల్లి గుడ్డ తీసింది. అరగంట క్రితం షెడ్డు గేటు దగ్గర తీసుకున్నది, ఇంకా ఉతకలేదు. దాన్ని బెంచీ మీద పరిచి, నాలుగు మూలలూ సరిచేసి, వెనక్కి వచ్చి బల్ల ముందు నిలబడింది.

సోమశేఖరం గారు కుర్చీలోంచే మెడ చాచి చూశారు. చాలాసేపు చూశారు. "ఇది కర్చీఫు కాదుగా?" అన్నారు.

"ఏదైనా చెల్లుద్ది సార్," యల్లమంద లేచి నిలబడ్డాడు. "పేపరేసినా చెల్లుద్ది, కండువా ఏసినా చెల్లుద్ది. పసిబిడ్డని కూర్చోబెట్టి పోయినోళ్ళని కూడా చూశా."

"మరి దీన్ని స్థిరాస్తి అని రాయాలా, చరాస్తి అని రాయాలా?"

"బస్సు కదిలిందాకా స్థిరమే సార్."

ప్రొఫెసరు గారు మోకాలు రాసుకుంటూ ఆలోచించారు. ఆగస్టులో వెళ్ళిన ముగ్గురికీ సొంత ఇళ్ళున్నాయి, అయినా రాలేదు. కర్చీఫు వేసి రాని మనిషిని మాత్రం ఆయన యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో చూడలేదు. ఫారంలో స్థిరాస్తి అన్నచోట "గుడ్డ ఒకటి, మూడో బెంచీ" అని రాసి, మూడున్నర వరకు చెల్లే వీసా ఇచ్చారు. యల్లమంద కార్డుకి చిల్లు పెట్టాడు. "ముందుకు జరుగు తల్లీ," అన్నాడు.

దీవెన గడప తొక్కకుండా దాటింది. లోపల పొద్దున తొమ్మిదిన్నర. చలిగా ఉంది. ఆలివ్ చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చిన పరీక్షాధికారిణి, నెరిసిన జుట్టావిడ, చెప్పులకంటిన ఎర్రమట్టి దులుపుకుని కూర్చుంది. మీ ఊరి గురించి చెప్పమంది. దీవెన చెప్పింది. రోడ్డు పొడవునా ఎర్రగా ఆరబోసిన కాయల గురించి, ఆ దారిన పోయే బస్సులో అందరూ ఒకేసారి తుమ్మడం గురించి చెప్పింది. గుమ్మం మీదుగా అరిచి నేర్చుకున్న భాష కనక చాలా గట్టిగా చెప్పింది. ఆవిడ ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు. చివరికి సిలబస్‌లో లేని ప్రశ్న ఒకటి వేసింది: మీ అమ్మకి ఈ భాష వచ్చా?

"రాదు," అంది దీవెన ఆ భాషలోనే. "మా అమ్మ తొడిమ తీసిన కాయ వెళ్ళని దేశం లేదు. మా అమ్మ మాత్రం ఈ గదిలోకి కూడా రాలేదు."

ఆవిడ ఆ మాటని కాగితం మీద రాసుకుంది. తర్వాత నూటికి తొంభై ఆరు వేసి, కాగితం మడిచి హైమవతి మేడం చేతికిచ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దీవెనకి సంతోషంతో కాళ్ళు నిలవలేదు. ఆరు నెలలు గుమ్మం బయట కూర్చున్నందుకు ఇప్పుడు ఏ బాధా లేదు.

అప్పుడు కిటికీలోంచి ఎవరో పిలిచారు. ఆగస్టులో వెళ్ళిన ముగ్గురూ ఆలివ్ చెట్ల కింద నిలబడి ఉన్నారు. రంగు తేలారు, ఒళ్ళు చేశారు. "దీవెనా, రా! ఇక్కడెవరూ ఏమీ అడగరు!" అని చేతులూపారు. వీసా మీద ఇంకా ఇరవై నిమిషాలుంది. అది అయిపోయాక కూడా ఆ కిటికీ దగ్గర కాపలా ఎవరూ ఉండరు. హైమవతి మేడం బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టింది.

దీవెన నిజంగానే వెళ్ళాలనుకుంది. దాచవలసిందేమీ లేదు. ఆ భాషలో ఆమెను ఇంతవరకు ఎవరూ ఏ పేట అని, ఎవరి తాలూకు అని అడగలేదు. ఎర్రమట్టి మీద పడ్డ ఎండ చూస్తే తన ఊరి ఎండలాగే ఉంది, కాని కొత్తగా ఉంది. మోకాలెత్తు కిటికీ మీద ఒక కాలు పెట్టింది.

సరిగ్గా అదే నిమిషంలో వరండా అవతల సోమశేఖరం గారికి అనుమానం వచ్చింది. స్థిరాస్తిని తనిఖీ చేయకుండా వీసా ఇచ్చామే అని మూడో బెంచీ దగ్గరికి వెళ్ళి గుడ్డ ఒక మూల పట్టుకుని ఎత్తారు. ఏడు గంటల ఘాటు అందులోంచి లేచింది. ప్రొఫెసరు గారు తుమ్మారు. మొదటి బెంచీ తుమ్మింది. 311వ గదిలో ఉన్న ముప్పై మందీ, గుమ్మంలో యల్లమందా తుమ్మారు. ఆ తుమ్ము వరండా దాటి, పసుపు రాసిన గడప దాటి, స్పెయిన్‌లో వినపడింది.

కాలు బయట పెట్టబోతుంటే తుమ్ము వినపడితే ఎవరైనా ఆగుతారు. దీవెనకి ఆ నమ్మకాలు లేవు, కానీ కాళ్ళకి ఉన్నాయి. ఆగింది. ఆగాక ముక్కుకి ఆ ఘాటు కూడా తగిలింది, అది ఎక్కడిదో ఆమెకి తెలియనిది కాదు. గుడ్డ ఇంకా ఉతకలేదు. ఈ సాయంత్రం ఉతికి ఆరేయకపోతే పొద్దున ఆరింటికి అమ్మ మూతికి కట్టుకోవడానికి ఏమీ ఉండదు. రైసు మిల్లువాళ్ళ పిల్లలు తిరిగి రాకపోయినా మిల్లు రేపు పొద్దున ఆగిపోదు. ఈ గుడ్డ లేకపోతే సలోమి ఏడు గంటలు దగ్గుతుంది.

కిటికీ మీద నుంచి కాలు తీసేసింది. చెట్ల కింద ఉన్నవాళ్ళకి చెయ్యి ఊపి, మూడూ పదిహేడుకి గడప దాటి ఇండియాలోకి వచ్చింది. ఇంకా తుమ్ముతున్న ప్రొఫెసరు గారి చేతిలోంచి మర్యాదగా గుడ్డ తీసుకుంది. "నీది రుజువైందమ్మా," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వేసవిలోనే నియమావళి సవరించారు. ఇంటి కాగితాలు, పాసు పుస్తకాలు తీసేసి, అందరికీ కర్చీఫు పద్ధతి పెట్టారు. ఇప్పుడు 311వ గదిలో బెంచీల నిండా కర్చీఫులే ఉంటాయి, రంగురంగులవి, కొన్ని ఇస్త్రీ చేసినవి. వాటిలో సగానికి పైగా ఎన్నో నెలలుగా కదలలేదు. సీటు ఉంది గనక హాజరు వేస్తున్నారు, నూటికి నూరు శాతం వస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు గోడవార నిలబడి పాఠం వింటారు, ఒక్కరూ కర్చీఫు తీసి కూర్చోరు. సోమశేఖరం గారు గోడలు కూలితే దేశాలు ఎంత బాగుపడతాయో ఆ కర్చీఫులకి వివరంగా చెబుతున్నారు.

దీవెనకి డిగ్రీ వచ్చింది. తల్లి పనిచేసే ఎగుమతి కంపెనీలోనే, బస్తాల మీద పేర్లున్న ఆ ఊళ్ళవాళ్ళతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగమూ వచ్చింది. గట్టిగా మాట్లాడుతుందని అవతలివాళ్ళు ఇష్టపడతారు. శనివారాలు 312వ గదిలో మొదటి ఏడు పిల్లలకి పాఠం చెప్పి వస్తుంది. వెళ్ళే ముందు ప్రతిసారీ మూడో బెంచీ మీద ఆ గుడ్డే వేస్తుంది. పాఠం అయ్యాక వచ్చి, గోడవార నిలబడ్డ ఎవరో ఒక పిల్లని పిలిచి, గుడ్డ తీసి ఆ చోటులో కూర్చోబెట్టి పోతుంది. ఫారంలో తిరిగి వచ్చే ఉద్దేశానికి ఆధారం అన్నచోట ఎప్పుడూ ఒకటే రాస్తుంది: అమ్మకి పొద్దున ఆరింటికి గుడ్డ కావాలి. యల్లమంద చదవకుండానే చిల్లు పెడతాడు.

కంపెనీవాళ్ళు పోయిన దసరా నుంచి షెడ్డులో అందరికీ మూతికి పెట్టుకునే మాస్కులు ఇస్తున్నారు. అవి ఘాటుని ఇంకా బాగా ఆపుతాయి. సలోమి వాటినే పెట్టుకుంటోంది. ఆ మాస్కులు తెప్పించిన కాగితం మీద సంతకం దీవెనదే. అయినా శనివారం పొద్దున్నే సలోమి ఆ పాత గుడ్డని కాసేపు మిరపకాయల్లో ఉంచి, మడిచి కూతురి సంచిలో పెడుతుంది. ఇక అవసరం లేదని ఆమె చెప్పలేదు, దీవెన అడగలేదు.